రాత్రంతా దిద్దిన సంతకం

గుజరాత్ రాష్ట్రంలో సబర్మతి నది ఒడ్డున అహమ్మదాబాద్ పట్నం ఉంది. 1861లో అక్కడ మొదటి బట్టల మిల్లు నడిచింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి మిల్లులు లేచాయి. ఊళ్ళలో పని దొరకనివాళ్ళు పిల్లాజెల్లతో, మూటాముల్లెతో పట్నం చేరారు.

పాత ఊరిలో వాడని 'పోల్' అంటారు. పోల్‌కి పెద్ద తలుపు ఉంటుంది. లోపల ఇరుకు సందులు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒక ఇంట్లో పెళ్ళయినా, చావయినా పోల్ అంతా కదిలి వచ్చేది. మిల్లు కూలీలు ఉండే చోటు వేరు. ఊరి తూర్పున మిల్లుల పక్కన వరసగా ఒంటి గదులు కట్టారు. వాటిని 'చాల్' అంటారు. ఒక్కో గదిలో ఒక్కో సంసారం. వరసంతటికీ కలిపి కుళాయి. కుళాయి దగ్గర తగువులు ఎట్లా ఉంటాయో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా?

ఆ పట్నంలోనే అనసూయా సారాభాయి అనే ఆవిడ ఉండేవారు. మిల్లు యజమానుల ఇంటి ఆడపడుచు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయారు. పదమూడేళ్ళకే పెళ్ళి చేశారు. ఆ కాపురం నిలవలేదు. తర్వాత ఇంగ్లండు వెళ్ళి చదువుకుని వచ్చారు. కూలీల పిల్లలకి బడి పెట్టారు.

ఒకరోజు పొద్దున ఆవిడ వాకిట్లో కూర్చుని ఆ పిల్లలకి తల దువ్వి జడలు వేస్తున్నారు. దారిన కొంతమంది కూలీలు పోతున్నారు. నిద్రలో నడిచినట్లు నడుస్తున్నారు. ఏమయిందని ఆవిడ అడిగారు. రెండు రాత్రులు, ఒక పగలు ఆపకుండా పని చేసి వస్తున్నామని చెప్పారు. అంటే 36 గంటలు! ఆ మాట ఆవిడ మనసులో ముల్లులా దిగింది. అప్పటినుంచి కూలీల పక్షాన నిలబడ్డారు. వాళ్ళు ఆవిడని 'మోటాబెన్' అనేవారు. అంటే పెద్దక్క.

1917లో ఊళ్ళో ప్లేగు వచ్చింది. కూలీలు పారిపోకుండా యజమానులు జీతం మీద కొంత ఎక్కువ ఇచ్చారు. జబ్బు తగ్గింది. ఆ డబ్బూ ఆపేశారు. కానీ అది యుద్ధకాలం. ధరలు మండిపోతున్నాయి. గాంధీగారు లెక్కలు చూసి నూటికి 35 పెంచమని అడగమన్నారు. యజమానులు 20 దగ్గరే ఆగారు. 1918 ఫిబ్రవరి 22న మిల్లులకి తాళాలు పడ్డాయి.

విచిత్రం చూడండి. యజమానుల వైపు ముఖ్యమైనవాడు అంబాలాల్, అనసూయ సొంత తమ్ముడు. అక్క కూలీల వైపు, తమ్ముడు మిల్లుల వైపు!

రోజూ నది ఒడ్డున తుమ్మచెట్టు కింద కూలీలు చేరేవారు. రోజులు గడిచేకొద్దీ ఇళ్ళల్లో గింజలు అయిపోయాయి. గాంధీగారు ఊరికే డబ్బు పంచడానికి ఒప్పుకోలేదు. ఆశ్రమంలో ఒక కట్టడానికి పునాదిలో పోసే ఇసుక మోసే పని ఇచ్చారు. అందరికన్నా ముందు అనసూయ ఇసుక గంప నెత్తికెత్తుకున్నారు. మిల్లు యజమానుల ఆడపడుచు గంప ఎత్తితే ఇక ఎవరు సిగ్గుపడతారు?

మార్చి 15న గాంధీగారు నిరాహార దీక్షకి కూర్చున్నారు. మూడు రోజులకి రాజీ కుదిరింది. మొదటి రోజు 35, రెండో రోజు 20, మూడో రోజు నుంచి ఇరవై ఏడున్నర. అందరి మాటా నిలబెట్టడానికి ఇట్లా తిరకాసు లెక్క వేశారు. చివరికి మధ్యవర్తి 35 ఇమ్మనే తీర్పు చెప్పాడు. 1920లో కూలీల సంఘం 'మజూర్ మహాజన్' పుట్టింది. ఆ సంఘం బడులు, ఆసుపత్రి నడిపింది.

మరి ఆడవాళ్ళ సంగతి? మిల్లుల్లో ఆడవాళ్ళు ఎక్కువగా నూలు చుట్టే పని చేసేవారు. 1929లో బొంబాయి రాష్ట్రంలో కాన్పు భత్యం చట్టం వచ్చింది. అహమ్మదాబాద్ అప్పుడు ఆ రాష్ట్రంలోదే. మంచి చట్టమే. కానీ భత్యం ఇవ్వాల్సి వస్తుందని ఆడవాళ్ళని పనిలోకి తీసుకోవడమే తగ్గించిన యజమానులు ఉన్నారు. రానురాను మిల్లుల్లో ఆడవాళ్ళు తగ్గిపోయారు. బయట గుడ్డల మూటలు మోశారు. కూరలు అమ్మారు. పాత బట్టలు అమ్మారు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టారు. ఏ సంఘమూ వాళ్ళని లెక్కపెట్టలేదు.

మజూర్ మహాజన్‌లో ఆడవాళ్ళ విభాగం చూసే ఇలా భట్ అనే వకీలు వాళ్ళతో కలిసి 1972లో 'సేవ' అనే సంఘం పెట్టారు. రిజిస్టరు చెయ్యడానికి ఆఫీసువాళ్ళు వెనకాడారు. "మీకు యజమాని లేడు. ఎవరి మీద పోరాడతారు?" అన్నారు. కలిసికట్టుగా ఉండటానికే సంఘం అని వీళ్ళు పట్టుబట్టి సాధించారు.

తర్వాత అప్పుల బాధ. కూరలమ్మే మనిషి పొద్దున అప్పు తెచ్చి సరుకు కొనేది. సాయంత్రం వడ్డీతో కట్టేది. రోజుకి నూటికి పది కూడా పట్టేవారు! బ్యాంకుకి పోతే చంకలో పిల్లని, మాసిన చీరని చూసి గుమాస్తాలు విసుక్కునేవారు. "మనం బీదవాళ్ళమే, కానీ ఎంతమందిమి లేము! మన బ్యాంకు మనమే పెట్టుకుందాం" అనే మాట ఆ ఆడవాళ్ళలోనుంచే వచ్చింది. 1974లో 4,000 మంది తలా 10 రూపాయలు వేశారు. ఎంతయిందో లెక్క కట్టండి.

మళ్ళీ అడ్డు. సంతకం రానివాళ్ళతో బ్యాంకు ఎట్లా రిజిస్టరు చేస్తామన్నారు. సంఘం పెద్దలుగా ఉన్న ఆడవాళ్ళు ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవార్లూ తమ పేర్లు దిద్దారు. మూటలు మోసిన వేళ్ళకి కలం లొంగుతుందా అంత తొందరగా? లొంగింది. మర్నాడు ఆఫీసులో తప్పులేకుండా సంతకం పెట్టారు. సంతకం రాని మిగతా సభ్యులకి ఇంకో ఉపాయం చేశారు. ఖాతా నంబరు రాసిన పలక చేత పట్టించి ఫొటో తీశారు. ఆ ఫొటోయే గుర్తు.

1980ల నుంచి ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వేలమంది మగవాళ్ళు పని పోయి ఇంట్లో కూర్చున్నారు. ఆ రోజుల్లో ఎన్నో చాల్‌లలో పొయ్యి వెలిగింది ఆడవాళ్ళ గంపల మీద, కుట్టుమిషన్ల మీదే. ఇలా భట్ 2022లో చనిపోయారు. ఆ ఆడవాళ్ళ బ్యాంకు అహమ్మదాబాద్‌లో ఇప్పటికీ నడుస్తోంది.