పొలం కాలనీ అయ్యే వరస

హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక శివారు పల్లెల్లో భూమి లెక్క ఎకరాల నుంచి గజాలకు మారింది. ఘట్‌కేసర్, ఆదిభట్ల, శంషాబాద్, పటాన్‌చెరు, ఏ దిక్కుకు పోయినా వెంచర్ల జెండాలే కనిపిస్తాయి. ఆ జెండా పాతడానికి ముందు, పాతిన తర్వాత జరగాల్సిన పని చాలా ఉంది. పదెకరాల పొలం నలుగురూ నిశ్చింతగా బతికే కాలనీ కావాలంటే ఆ పనులు ఏ వరసలో జరగాలో చూద్దాం.

1. కాగితాలు తిరగేయాలి

1954-55 నాటి ఖాస్రా పహాణీ నుంచి నేటి పట్టాదారు పాసుపుస్తకం దాకా భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో మధ్యలో ఖాళీ లేకుండా తేలాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే అమ్మకాలు, తాకట్లు బయటపడతాయి. ఆడపిల్లలతో సహా వారసులందరూ సంతకం చేయాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి జోలికి పోకూడదు. దాని బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. సర్వే నంబరు రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22ఏ జాబితాలో లేదని కూడా నిర్ధారించుకోవాలి.

2. నీళ్ల దారి గుర్తించాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఈ పనికే. ఇక్కడి పాత చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండితే అలుగు పారుతుంది. ఆ నీళ్లు వాగు పట్టి కింది చెరువుకు చేరతాయి. ఎండాకాలంలో ఆ దారి ఉత్త బీడులా కనిపిస్తుంది. కాబట్టి గ్రామ నక్ష (ఊరి సర్వే పటం) చేతపట్టుకుని నేల మీద నడవాలి. ఊళ్లో నీరటి పని (చెరువు నీళ్లు వదిలే పని) చేసిన పెద్దవాళ్లుంటే వాళ్లను అడగాలి. ఏ వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లకు తెలుస్తుంది.

చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దే ఎఫ్‌టీఎల్. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. శిఖం భూమికి (చెరువు లోపలి భూమికి) పట్టా ఉన్నా, నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవాలే తప్ప ఇల్లు కట్టకూడదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్‌లో దాదాపు 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ నెలలో నగరంలోని ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. వాగును పూడ్చవచ్చు గానీ, దాంట్లోకి వచ్చే వానను ఆపలేం.

3. జోన్ చూసి, భూమి వినియోగం మార్చుకోవాలి

2031 వరకు రూపొందించిన మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందో, కన్జర్వేషన్ జోన్‌లో ఉందో చూడాలి. నివాసానికి వీలుంటే రెవెన్యూ శాఖలో రుసుము కట్టి వ్యవసాయేతర భూమిగా మార్పించాలి.

4. లేఅవుట్ గీయాలి

ఎకరానికి 4,840 గజాలు. పదెకరాలకు 48,400. రోడ్లు, పార్కులు పోగా అమ్మకానికి మిగిలేది సగానికి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. లాభం కోసం కోత పెట్టాలన్న ఒత్తిడి వచ్చేది ఇక్కడే. మంచి ప్లానర్ ముందు నేల వాలు కొలిపిస్తాడు. పల్లపు మూలను పార్కుకు వదులుతాడు. భారీ వానకు అదనపు నీళ్లు అక్కడ కాసేపు ఆగి ఇంకుతాయి. కాలువలను వాలు వెంటే నడిపిస్తాడు. పక్క లేఅవుట్ రోడ్డుతో తన రోడ్డును కలుపుతాడు. అలా కలపని చోట ఒక్కో వెంచరూ ఒక్కో గోడలో చిక్కుకుపోతుంది, అంబులెన్సు కూడా చుట్టు తిరిగి రావాలి.

5. అనుమతి, ఆ తర్వాతే అమ్మకం

హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిశీలించి డ్రాఫ్ట్ లేఅవుట్‌కు ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఇస్తుంది. ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని డెవలపర్ ఆ సంస్థకు మార్ట్‌గేజ్ చేయాలి. మాటిచ్చిన పనులు పూర్తిచేస్తాడనడానికి ఇదే పూచీ. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద నమోదు కావాలి. 2016 నాటి ఆ చట్టం ప్రకారం నమోదుకు ముందు ప్రకటనలు ఇవ్వకూడదు, బుకింగులు తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలైన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి. ప్రీ లాంచ్ ఆఫర్ పేరిట డబ్బు అడిగారంటే ఈ రక్షణలన్నీ పక్కన పెడుతున్నారన్నమాట.

6. నేల కింద పని ముందు

చదును చేశాక వరద కాలువలు, మురుగు పైపులు, మ్యాన్‌హోళ్లు, తాగునీటి లైను వేయాలి. కేబుళ్లకు గొట్టాలు పెట్టాలి. ఆ తర్వాతే కంకర పరిచి, రోలర్ తొక్కించి రోడ్డు వేయాలి. చూడటానికి వచ్చేవాళ్లను మెప్పించాలని తారు రోడ్డు ముందే వేస్తే, పైపుల కోసం మళ్లీ తవ్వక తప్పదు. మురుగునీటి లైను ఎక్కడ కలుస్తుందో, శుద్ధి ఎక్కడ జరుగుతుందో కూడా ఇప్పుడే తేలాలి. లేదంటే అది తిన్నగా చెరువులోకే పోతుంది.

7. ఫైనల్ లేఅవుట్

అధికారులు వచ్చి పనులు చూసి, ఒప్పుకున్నట్టే ఉంటే తుది ఆమోదం ఇచ్చి, మార్ట్‌గేజ్ ప్లాట్లు విడిపిస్తారు. రోడ్లు, పార్కులు గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు చెందుతాయి. అప్పటి నుంచి అవి ప్రజల ఆస్తి.

8. చివరికి ఇల్లు

2020 చట్టంతో మొదలైన ఆన్‌లైన్ పద్ధతిలో 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల లోపు ఎత్తు ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. మొదటి ఏడు పనులూ సక్రమంగా జరిగితే మేస్త్రీ పని సులువవుతుంది.

ఈ వరసలో ఏది దాటేసినా ఆ ఖర్చు ప్లాటు కొన్న కుటుంబం మీదే పడుతుంది. 2020 ఆగస్టులో ప్రకటించిన ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) వంటి పథకాలు రుసుము తీసుకుని కాగితాలను సరిచేయగలవు. ఇరుకు రోడ్డును వెడల్పు చేయలేవు, లేని పార్కును తేలేవు, వాగులో కట్టిన ఇంటిని మెరకకు చేర్చలేవు. అందుకే ధర అడిగే ముందు ఎల్‌పీ నంబరు, రెరా నంబరు, గ్రామ నక్ష అడగాలి. కొనేవాళ్లంతా ఇలా అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు వరస తప్పలేరు.