గోదావరీ జలము: సహజశుద్ధియు, శరణధర్మమును

పారు నీటికి పాచి పట్టదని పెద్దలందురు. త్ర్యంబకమున జన్మించి, 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియు గోదావరికి ఈ మాట ఎంతవరకు చెల్లును? కాసిపేట గనుల సీమలో కురిసిన వాన వాగుల మీదుగా కడకు ఆ నదినే చేరును. కావున ఇచటి శరణులకు ఇది పరాయి ప్రశ్న కాదు.

నదికి సహజశుద్ధి కలదు. నీరు రాళ్లపై ఒరసికొని పారునప్పుడు గాలిలోని ప్రాణవాయువు దానిలో కరగును. ఆ వాయువు సాయమున సూక్ష్మజీవులు కుళ్లిన పదార్థమును విరిచివేయును. మడ్డి అడుగునకు దిగును. ఎండ రోగక్రిములను కొంత చంపును. గంగా యమునా జలములు కలరా క్రిములను నశింపజేయుననియు, కాచిన పిదప ఆ శక్తి ఉండదనియు 1896లో హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. క్రిములను భక్షించు సూక్ష్మకణములకు 1917లో డిహెరెల్ బాక్టీరియోఫేజ్ అని పేరిడెను. హాంకిన్ చూచినది వీని ప్రభావమే కావచ్చునని పలువురు తలంతురు.

అయినను ఈ శక్తికి హద్దు కలదు. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనును. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. వేసవిలో ప్రవాహము సన్నగిల్లి, ఆనకట్టల వెనుక నీరు నిలిచినపుడు నదికి ఊపిరి తగ్గును. బొగ్గు పొడిని, రసాయనములను, పాలిథీన్ సంచులను సూక్ష్మజీవులు జీర్ణించుకొనజాలవు.

తీర్థమున మునిగినంతనే పాపము తొలగదనియు, సత్యము, అహింస మొదలగు సద్గుణములే నిజమైన శుద్ధి యనియు 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు బోధించెను. దీనిని విని, “అట్లయిన నదితో మనకేమి పని?” అని కొందరందురు. అది పొరపాటు. అష్టావరణములలో పాదోదకము ఒకటి. ఇష్టలింగాభిషేకమునకు, జంగమ పాదప్రక్షాళనమునకు నీరే ఆధారము. భక్తి నీటిని పాదోదకముగా మార్చును. మురికిని మందుగా మార్చదు. అందుకే వస్త్రమున వడగట్టిన నీటినే పూజకు గొనవలెనను సదాచారమేర్పడినది. నేడు త్రాగుటకు ఆ నీటిని కాచుకొనుటయు అవసరము.

పుష్కరములలో మునిగి సంచులను నదిలో విడుచువాడును, నదిని పూజింపనని చెప్పి మురికి కాలువను దానిలోనికి త్రిప్పువాడును ఒకే తప్పు చేయుచున్నారు. గోదావరిఖని యొడ్డున విడిచినది దిగువ ఊరి బిందెలోనికి చేరవచ్చును. ఆ బిందె నీటితోనే ఒక జంగముడు లింగార్చన చేయును. ఒక తల్లి బిడ్డకు త్రాగించును.

పూజ ముగిసిన పత్రిని, పూవులను నదిలో కలుపక, పెరటి గుంటలో వేసి చెట్లకు ఎరువు చేయుడు. వాగు గట్టున చెత్త పోయవలదని పిల్లలకు నేర్పుడు. దిగువవానికి నిర్మలజలమును మిగుల్చుట దాసోహమే.