పెరట్లోకి పిచ్చుకలు వచ్చాయి

పాత పెంకుటిల్లు పోయింది. దాని చోట డాబా లేచింది. గచ్చు నున్నగా ఉంది. వాన కారదు. అందరికీ సంతోషమే. కాని అత్తకు మాత్రం ఏదో వెలితిగా ఉంది.

"అమ్మాయ్, పొద్దున్నే కిచకిచలు వినబడటం లేదేం?" అని కోడలిని అడిగింది.

"అవునత్తయ్యా. పిచ్చుకలు ఎటు పోయాయో!" అంది కోడలు.

అత్త పైకి చూసింది. పాత ఇంటికి చూరు ఉండేది. వాసాల మధ్య సందులు ఉండేవి. పిచ్చుక ఆ సందుల్లో గూడు కట్టేది. డాబాకు చూరు లేదు. సందూ లేదు. గూడు ఎక్కడ కడుతుంది?

అదొక్కటే కాదు. పూర్వం బియ్యం ఇంట్లోనే చెరిగేవాళ్లు. నూకలు వాకిట్లో పడేవి. ఇప్పుడు బియ్యం మర నుంచి సంచిలో వస్తున్నాయి. వాకిలికి సిమెంటు పోశారు. గింజ లేదు, మట్టి లేదు, పురుగు లేదు. ఇక పిచ్చుక ఎందుకు వస్తుంది?

వరి కుచ్చు

సంక్రాంతికి కోతలు అయ్యాయి. అత్త గుప్పెడు వరి కంకులు తెచ్చింది. కుచ్చుగా అల్లింది. వసారాలో కొక్కేనికి కట్టింది. కోస్తా పల్లెల్లో ఇది పాత అలవాటు. కొన్ని ఇళ్లలో, గుళ్లలో ఇప్పటికీ కడుతున్నారు.

కొడుకు చూశాడు. "అమ్మా, అమ్ముకునే ధాన్యం పిట్టలకు పెడతావా?" అన్నాడు.

"ఒక్క కుచ్చేరా. అది తినేదెంత? అది చేసే పని తర్వాత చూద్దువు గాని" అంది అత్త.

కోడలు మట్టి మూకుడులో నీళ్లు పోసి గోడ మీద పెట్టింది. వారం గడిచింది. ఒక్క పిట్టా రాలేదు. తర్వాత ఒక రోజు పొద్దున్నే ఒక మగ పిచ్చుక వచ్చింది. దాని గొంతు కింద నల్ల మచ్చ ఉంది. మర్నాడు ఆడ పిచ్చుకను వెంటబెట్టుకొచ్చింది.

అత్త పాత చెక్కలతో చిన్న పెట్టె చేయించింది. దానికి అంగుళంపావు కంత పెట్టించింది. పిల్లి అందుకోలేని ఎత్తులో, ఎండ పడని చోట గోడకు కట్టించింది. పది రోజుల్లో పిచ్చుకలు గడ్డిపోచలు మోయడం మొదలుపెట్టాయి.

చిక్కుడు పాదు

పెరట్లో చిక్కుడు పాదు ఉంది. దానికి పురుగు పట్టింది. ఆకులు జల్లెడలయ్యాయి. కొడుకు పత్తికి కొట్టగా మిగిలిన మందు డబ్బా తెచ్చాడు.

కోడలు ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. ఆమె ఈమధ్యే చదువు నేర్చుకుంది. దాని మీద ఎర్ర రంగు గుర్తు ఉంది. పుర్రె బొమ్మ ఉంది. కూడబలుక్కుని చదివింది. "వి... షం. విషం. పిల్లలకు అందకుండా ఉంచండి."

"ఏమండీ, ఎల్లుండి ఈ కాయలే కూర వండాలి. పిల్లాడు పాదు కిందే ఆడతాడు. ఈ మందు కొడతారా?" అంది.

"కొట్టకపోతే కాయలే ఉండవు" అన్నాడు భర్త.

"నాలుగు రోజులు ఆగరా. గూట్లో పిల్లలు ఉన్నాయి. పిచ్చుక ఏం మోస్తుందో చూడు" అంది అత్త.

అతను నిలబడి చూశాడు. పిచ్చుక పాదు మీద వాలింది. ముక్కుతో పురుగును పట్టింది. గూట్లోకి పోయింది. మళ్లీ వచ్చింది. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది. కాని పిల్లలకు మొదటి రోజుల్లో ఎక్కువగా పురుగులే పెడుతుంది. పాదుకు మందు కొడితే ఆ పురుగులతో పిల్లలకు విషం పెట్టినట్టే.

మందు డబ్బా మూత తీయలేదు. కోడలు 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టింది. గుడ్డతో వడకట్టి పాదు మీద చల్లింది. పెద్ద పురుగులను చేత్తో ఏరింది. పురుగు పూర్తిగా పోలేదు. కాని పాదు బతికింది. కూరకు కాయలు వచ్చాయి.

చైనాలో జరిగిన సంగతి

1958లో చైనా ప్రభుత్వం పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయని అనుకుంది. వాటిని చంపమంది. జనం పళ్లేలు, డప్పులు మోగించి పిచ్చుకలను వాలనీయలేదు. అవి ఎగిరి ఎగిరి అలసి పడిపోయాయి. తర్వాత పొలాల్లో పురుగులు, మిడతలు పెరిగాయి. పంటకు నష్టం వచ్చింది. 1960లో ప్రభుత్వం ఆ పని ఆపించింది. చంపవలసిన వాటి జాబితాలో పిచ్చుకను తీసేసి నల్లిని చేర్చింది.

మీరూ చేయవచ్చు

నీళ్లు: లోతు తక్కువ మూకుడు పెట్టండి. రెండు అంగుళాల నీళ్లు చాలు. మధ్యలో ఒక రాయి వేయండి. పిట్ట దాని మీద వాలుతుంది. రోజూ నీళ్లు మార్చండి, మూకుడు తోమండి. నీళ్లు వారం పది రోజులు నిలవుంటే దోమలు పుడతాయి.

మేత: నూకలు, కొర్రలు, సజ్జలు వేయండి. గోరింకలకు జామపండు ముక్క పెట్టండి. ఉప్పు, కారం కలిసిన అన్నం వద్దు. పాచిన అన్నం, బూజు పట్టిన గింజలు వద్దు. మందు పట్టించిన విత్తనాలు అసలు వేయకండి.

చెట్లు: మందార పూలకు తేనెపిట్ట వస్తుంది. జామ, కరివేపాకు పండ్లకు పికిలిపిట్ట, కోకిల వస్తాయి. గోరింట కంచెలో పిచ్చుకలు దాక్కుంటాయి.

జాగ్రత్త: 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది. పిట్టల మూకుడు కోళ్లకు దూరంగా ఉంచండి. మూకుడు కడిగాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పిట్ట చచ్చిపడితే వట్టి చేత్తో ముట్టకండి. పశువుల ఆసుపత్రికి కబురు చేయండి.

పంజరం వద్దు: రామచిలుకను పట్టి పంజరంలో పెంచడం నేరం. ఇందుకు 1972 నాటి చట్టం ఉంది. పిట్టను పిలవాలి గాని పట్టకూడదు.

గూట్లో పిల్లలకు రెక్కలు వచ్చాయి. ఒక్కొక్కటే బయటికి ఎగిరాయి. ఎండలు ముదిరాయి. ఇప్పుడు రోజూ మూకుడులో నీళ్లు మారుస్తున్నది కొడుకే. "వచ్చే ఏడు రెండు కుచ్చులు కడదాం అమ్మా" అన్నాడు.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో పిచ్చుకలు ఉన్నాయా? తగ్గాయా? ఎందుకు?

2. మీ ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడ ఉంది? దాని మీద ఏ రంగు గుర్తు ఉంది? చదివి చెప్పండి.

3. మీ పెరట్లో ఒక మూకుడు నీళ్లు పెట్టండి. వచ్చిన పిట్టల పేర్లు వారం రోజులు పలక మీద రాయండి.