పాత కెమెరా షట్టర్ అంటుకుపోయిందా? నూనె వెయ్యకండి, ఉన్న నూనె తీసేయండి!

ఎప్పుడూ కొత్త ఫోన్ కెమెరాల గురించే మాట్లాడుకుంటాం కదా, ఈసారి మన తాతల కాలం నాటి కెమెరా చూద్దాం. వేటపాలెంలో స్టూడియో నడిపిన రోజుల్లో మా పెదనాన్న వాడిన యాషికా 635 ఇది. 1958లో వచ్చిన మోడల్. 120 ఫిల్మ్ మీద 6×6 సెంటీమీటర్ల ఫొటోలు తీస్తుంది, అడాప్టర్ పెడితే 35 ఎంఎం ఫిల్మ్ కూడా పడుతుంది. పేరులో 635 అందుకే. స్టూడియో మూసేశాక బీరువాలోనే ఉండిపోయింది.

సంక్రాంతికి అందరం ఊరొస్తున్నామని తెలిసి పెదనాన్న, "ఈసారి దీంతో ఒక్క ఫొటో తీద్దాంరా" అన్నారు. తీరా లివర్ లాగి బటన్ నొక్కితే షట్టర్ తెరుచుకుంది కానీ మూసుకోలేదు. నాన్న వెంటనే కుట్టుమిషన్ నూనె డబ్బా తెచ్చారు. మాది మగ్గాల ఊరు, ఏది బిగుసుకున్నా చుక్క నూనె వెయ్యడం అలవాటు. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టారు: "రేకులకి నూనె తగిలితే ఇంక అంతే."

ఆయన మాటే నిజం. ఎందుకో చూద్దాం.

అసలు సమస్య ఏంటి?

ఇది లీఫ్ షట్టర్. లెన్స్ మధ్యలో పల్చటి స్టీల్ రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. 1/500 స్పీడ్‌లో అవి 2 మిల్లీసెకన్లలో తెరుచుకుని మూసుకోవాలి. వాటిని నడిపే స్ప్రింగ్ చాలా చిన్నది, అందుకే రేకులు పూర్తిగా పొడిగా ఉండాలి. తడిసిన రెండు గాజు పలకలు ఎలా అతుక్కుంటాయో, సన్నటి నూనె పొర ఉన్నా రేకులు అలాగే అతుక్కుంటాయి. ఏళ్ల తరబడి మన ఎండల వేడికి లోపలి గ్రీజు నుంచి నూనె విడిపోయి రేకుల మీదకి పాకుతుంది. అంటే నూనె మందు కాదు, అదే జబ్బు.

ముందు ఫోన్‌తో టెస్ట్ చేయండి

కెమెరా వెనక తలుపు తీసి, లెన్స్‌ని పగటి వెలుతురు వైపు తిప్పి, 240 ఎఫ్‌పీఎస్ స్లోమోషన్‌లో వీడియో తీయండి. షట్టర్ ఎన్ని ఫ్రేముల్లో తెరిచి ఉందో లెక్కపెట్టండి. 1/30కి 8 ఫ్రేములు, 1/60కి 4, ఒక సెకనుకి 240 రావాలి. 1/125కి రెండే ఫ్రేములు, కాబట్టి అంతకంటే వేగాన్ని ఇలా కచ్చితంగా కొలవలేం. ఎల్‌ఈడీ బల్బు కింద తీయకండి, మినుకు మినుకుమని లెక్క తప్పుతుంది. కొన్ని ఫోన్లు మధ్య ఫ్రేములు సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తాయి, సెట్టింగ్స్ ఒకసారి చూసుకోండి.

ఏం వాడాలి? ఏం వాడకూడదు?

నేను వాడింది నాఫ్తా రకం లైటర్ ఫ్లూయిడ్. నూనెని కరిగించి, మరక మిగల్చకుండా ఆవిరైపోతుంది. కిరోసిన్ జిడ్డు మిగులుస్తుంది. బంకు పెట్రోల్‌లో వేరే రసాయనాలు కలుస్తాయి. శానిటైజర్‌లో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. తుప్పు వదిలించే స్ప్రేలైతే అస్సలు వద్దు, వాటిలోనే నూనె ఉంటుంది.

జాగ్రత్త: ఇది ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి, అగరుబత్తి ఆర్పేసి, కిటికీలు తీసి పని మొదలుపెట్టండి.

స్టెప్స్

1. సెల్ఫ్ టైమర్ గుర్తు 'వి' మీద లివర్ పెట్టకండి. పాత కెమెరాల్లో అది మధ్యలో ఆగిపోతే షట్టర్ మొత్తం లాక్ అవుతుంది.

2. ఫొటో తీసేది కింది లెన్స్. దాని ముందు భాగాన్ని రబ్బరు మూతతో నొక్కిపట్టి, ఎడమవైపుకి తిప్పి ఊడదీయండి. ఎన్ని చుట్లకి ఊడిందో రాసుకోండి. ముందు గ్లాసు తిప్పి ఫోకస్ చేసే కెమెరాలైతే గుర్తు పెట్టకుండా తీయొద్దు, ఫోకస్ పోతుంది.

3. ఇయర్ బడ్‌ని ఫ్లూయిడ్‌లో ముంచి, కారకుండా టిష్యూకి అద్ది, రేకుల మీద తేలిగ్గా రాయండి. నెట్టకండి. రేకు ఒంగితే మళ్లీ దొరకదు.

4. పది పదిహేనుసార్లు షట్టర్ కొట్టండి. బయటికొచ్చిన జిడ్డుని వెంటనే పొడి బడ్‌తో తీసేయండి.

5. 'బి' మోడ్‌లో తెరిచి పట్టుకుని, వెనక గ్లాసు మీద పొర ఉంటే లెన్స్ టిష్యూతో తుడవండి.

నేను చేసిన తప్పు

మొదటి సాయంత్రం నాలుగు చుక్కలు ఎక్కువే పోశాను. షట్టర్ టకటకా కొట్టింది, ఇంట్లో అందరికీ చూపించాను. తెల్లారి చూస్తే మళ్లీ అంటుకుపోయింది! ఫ్లూయిడ్ నూనెని కరిగించింది తప్ప బయటికి తీయలేదు. అది ఆవిరవగానే నూనె మళ్లీ రేకుల మీదే పరుచుకుంది. తీయాల్సింది బడ్డే. కాబట్టి తడి, పొడి, తడి, పొడి... బడ్ శుభ్రంగా వచ్చేదాకా. నాకు మూడు రోజులు, 20కి పైగా బడ్‌లు పట్టాయి. పని అయిందని ఆ సాయంత్రమే అనుకోకండి, అసలు పరీక్ష మర్నాడు పొద్దున మొదటి క్లిక్.

రిజల్ట్

1/30కి 8 ఫ్రేములు, 1/60కి 4. నేను వీడియో లెక్కపెట్టేలోపే పెదనాన్న కళ్లు మూసుకుని విని, "ముప్ఫై సరిపోయింది, సెకను మాత్రం సాగుతోంది" అనేశారు. చూస్తే ఒక సెకనుకి 300 ఫ్రేములు దాటాయి! నెమ్మది స్పీడ్‌లని నడిపే పళ్ల చక్రాలు వేరే ఉంటాయి, అక్కడికి వెళ్లాలంటే షట్టర్ విప్పాలి. నేను విప్పలేదు. మీరూ మొదటిసారే విప్పకండి, ఆ స్పీడ్‌లు వాడకపోతే సరి.

రోల్‌కి 12 ఫొటోలు. ముందు 1918లో మొదలైన మా ఊరి సారస్వత నికేతనం గ్రంథాలయం ముందు మూడు టెస్ట్ ఫ్రేములు తీశాను, వెలుతురు ఫోన్ యాప్‌తో కొలిచి. కనుమ నాడు అరుగు మీద అందరం కూర్చుంటే 1/60లో పెదనాన్నే బటన్ నొక్కారు. నెగటివ్‌లు కడిగించాం, ఎక్స్‌పోజర్ ఎక్కడా తప్పలేదు. ఆ ఫొటోలో పెదనాన్న మాత్రం లేరు. వచ్చే సంక్రాంతికి బటన్ నేను నొక్కుతాను.

అప్పటిదాకా కెమెరా సిలికా జెల్ ప్యాకెట్లతో డబ్బాలో ఉంటుంది, నెలకోసారి అన్ని స్పీడ్‌లూ కొడతాం. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే ముందు స్లోమోషన్ టెస్ట్ చేసి చూడండి. నూనె డబ్బా మాత్రం దూరంగా పెట్టండి.