రాంపూరు దిబ్బ

హనుమకొండ వీధులలో తెల్లవారకముందే చీపురు చప్పుడు వినబడును. ప్రొద్దు పొడుచుసరికి చెత్తబండి వచ్చి ఇంటి ముంగిట నిలుచును. ఇంటివారు బుట్టను తెచ్చి బండిలో బోర్లించి లోపలికి పోవుదురు. తమ పని అంతటితో తీరినదని వారు తలంతురు. చెత్త ప్రయాణము మాత్రము అప్పుడే మొదలగును. చిన్నబండ్ల నుండి పెద్దబండ్లకు మారి అది కాజీపేట దాటి, హైదరాబాదు రహదారి మీద మడికొండ మీదుగా రాంపూరు సమీపమునకు చేరును. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట అను మూడు ఊళ్ల చెత్తయు ఏండ్ల తరబడి అక్కడనే పోగుపడినది. జనులు దానిని డంపింగు యార్డు అందురు. తెలుగున దిబ్బ యన్న చాలును.

విద్యార్థులారా, ఒక చిన్న లెక్క వేసి చూడుడు. నగరవాసి యొకడు దినమునకు నాలుగు వందల గ్రాముల చెత్తను పారవేయుననుకొందము. ఇది పెద్ద మొత్తము కాదు. రెండు అరటితొక్కలు, కొన్ని కూరగాయల చెక్కులు, ఒక కాగితపు సంచి, ఒక ఖాళీ సీసా చేరిన అంత యగును. మహా వరంగల్లు నగరపాలక సంస్థ పరిధిలో 2011 జనాభా లెక్కల నాటికే సుమారు 8 లక్షల మంది యుండిరి. ఎనిమిది లక్షలను నాలుగు వందల గ్రాములతో హెచ్చించిన 320 టన్నులు వచ్చును. నేడు ఈ నగరమున దినమునకు మూడు నాలుగు వందల టన్నుల చెత్త పుట్టుచున్నది. పండుగలకును పెండ్లిండ్లకును ఇది పెరుగునే కాని, ఆదివారమని ఆగదు.

చెత్తను ఊరి వెలుపల వేయుట మనకు క్రొత్త కాదు. పూర్వము పల్లెలలో ప్రతి రైతునకును ఒక పెంటకుప్ప యుండెడిది. పశువుల పేడ, పొయ్యిలోని బూడిద, వాకిట ఊడ్చిన కసవు, ఆకు అలము అందు చేరెడివి. తొలకరికి ముందు బండ్లు కట్టి ఆ పెంటను చేలకు తోలెడివారు. కుప్ప ఏటికొకసారి ఖాళీ యగుచుండెను. పెద్ద పెంటకుప్ప గల రైతును చూచి ఇరుగుపొరుగువారు ఈర్ష్యపడిరే కాని ముక్కు మూసికొనలేదు. ఆ కుప్పలో మట్టిలో కలియని వస్తువు దాదాపు లేకుండుటయే దీనికి కారణము. నేటి నగరపు కుప్పలో అన్నము మెతుకు ప్రక్కన గాజుపెంకు, దాని ప్రక్కన ప్లాస్టిక్ సంచి, దాని లోపల మందుసీసా, విరిగిన బ్యాటరీ యుండును. దీనిని ఏ రైతు చేనికి తోలుకొనును? అందువలన పెంటకుప్ప ఏటేట తరుగుచుండగా, నగరపు దిబ్బ ఏటేట పెరుగుచు వచ్చినది.

దిబ్బను చూచినవారు అది కదలక మెదలక పడియున్న వస్తువని భావింతురు. అది పొరపాటు. లోపల నిరంతరము మార్పు జరుగుచునే యుండును. తడిచెత్తను సూక్ష్మజీవులు తినుచుండును. పైపొరలలో గాలి దొరకును గావున అక్కడ కుళ్లు త్వరగా ముగియును. లోపలి పొరలలో గాలి చొరదు. గాలి లేకుండ బ్రతుకు వేరొక జాతి సూక్ష్మజీవులు అక్కడ పని చేసి మీథేను అను వాయువును పుట్టించును. దిబ్బ నుండి వెలువడు వాయువులో రమారమి సగము మీథేనును, మిగిలినదానిలో అధిక భాగము బొగ్గుపులుసు వాయువును ఉండును. మీథేను గాలిలో నూటికి 5 నుండి 15 పాళ్ల వరకు కలిసినపుడు నిప్పురవ్వ తగిలిన ప్రేలును. వాతావరణమును వేడెక్కించుటలో ఇది, నూరేండ్ల లెక్కన చూచినను, బొగ్గుపులుసు వాయువునకు ఇరువది యైదు రెట్లకు పైగా బలము గలది.

దిబ్బకు నిప్పంటుకొన్నచో నీటితో ఆర్పుట మిగుల కష్టము. పైన ఆరినట్లు కనబడినను లోపల రాజుకొనుచునే యుండును. కేరళములోని కొచ్చి నగరపు బ్రహ్మపురము దిబ్బ 2023 మార్చి 2వ తేదీన అంటుకొని పది దినములకు పైగా కాలినది. నగరమంతయు పొగ క్రమ్మినది. మన రాంపూరు, మడికొండ వాసులు సైతము పొగను గూర్చి, దుర్గంధమును గూర్చి పలుమారులు మొరపెట్టుకొనిరి. చెత్త పుట్టించినది నగరమంతయు. దాని పొగ పీల్చినది రెండు ఊళ్లు. ఈ విషయమును నగరవాసులు తరచుగా తలపోయరు.

పొగ కంటికి కనబడును. కనబడని కీడు వేరొకటి కలదు. వాననీరు దిబ్బపై పడి లోపలికి ఇంకి, చెత్త గుండ దిగుచు, అందలి మలినములను కరిగించుకొని అడుగున నల్లని ఊటగా వెలువడును. ఆ ఊట నేలలోనికి దిగినచో బావులు చెడును. పల్లమునకు పారినచో చెరువు చెడును. హైదరాబాదు చెత్త చేరు జవహర్‌నగరు వద్ద మల్కారం చెరువు ఇట్లే నల్లబడినది. తరువాత అక్కడి పాత దిబ్బను పొరలు పరచి కప్పిరి. ఓరుగల్లు సీమకు ఈ భయము మరింత తగును. కాకతీయుల నాటి నుండియు ఇది గొలుసుకట్టు చెరువుల నేల. ఎగువ చెరువు నిండి అలుగు పారిన ఆ నీరు దిగువ చెరువునకు చేరునట్లు పెద్దలు వాలు చూచి కట్టిరి. నీటికి ఏర్పరచిన ఆ దారియే మలినమునకును దారి యగును.

మరి చెత్తను ఎట్లు పూడ్చవలెను? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రెస్నో అను నగరము కలదు. 1937లో జీన్ విన్సెంజ్ అను ఇంజనీరు అక్కడ ఒక పద్ధతిని ప్రవేశపెట్టెను. కందకము త్రవ్వి, చెత్తను పరచి, యంత్రముతో అణచి, ప్రతి సాయంకాలము మట్టి కప్పించెను. ఈగలు, ఎలుకలు, మంటలు తగ్గిపోయెను. లోకమంతయు ఆ పద్ధతిని అనుసరించినది. 1987లో ఆ స్థలమును మూసిరి. 2001లో దానిని జాతీయ చారిత్రక స్థలముగా గుర్తించిరి. అయితే విన్సెంజ్ కందకమునకు అడుగున పొర యేదియు లేకుండెను. అక్కడి భూగర్భజలము చెడినదనియు, వాయువు వెలుపలికి ప్రాకుచున్నదనియు తేలి, ఆ చారిత్రక స్థలమునే ప్రభుత్వము శుద్ధి చేయింపవలసి వచ్చినది. పైన మట్టి కప్పిన చాలదు, అడుగును కాపాడవలెనని లోకము ఇట్టి అనుభవముల వలన నేర్చుకొనెను.

మన దేశమున ఈ విషయము న్యాయస్థానము వరకు పోయినది. 1996లో అల్మిత్రా పటేల్ అను మహిళా ఇంజనీరు సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసెను. దాని ఫలితముగా 2000 సంవత్సరమున పురపాలక చెత్తకు నియమములు వచ్చెను. 2016లో వానిని విస్తరించి తిరిగి వ్రాసిరి. పూడిక స్థలము నదికి 100 మీటర్లు, చెరువునకును రహదారికిని నివాసములకును 200 మీటర్లు దూరమున ఉండవలెనని 2016 నియమములు విధించెను. అడుగున 90 సెంటీమీటర్ల మందమున నీరింకని బంకమట్టిని దట్టించి, దానిపై 1.5 మిల్లీమీటర్ల దళసరి ప్లాస్టిక్ పొరను పరువవలెను. పొరపై చేరిన ఊటను గొట్టముల ద్వారా తొట్టికి చేర్చి శుద్ధి చేయవలెను. వర్షాకాలమున భూగర్భజలము ఎంత పైకి వచ్చినను బంకమట్టి అడుగునకు రెండు మీటర్ల దిగువననే నిలుచు చోటును ఎన్నుకొనవలెను.

స్థలము కట్టుట ఒక యెత్తు, దానిని నడపుట వేరొక యెత్తు. వచ్చిన ప్రతి బండియు మొదట ధర్మకాటా మీద నిలువవలెను. తూకము వ్రాయని స్థలమున ఎంత చెత్త చేరినదో, ఇంకెన్నాళ్లకు నిండునో ఎవరును చెప్పజాలరు. తరువాత ఆ దినమునకు నిర్ణయించిన చోటనే బండిని దింపింపవలెను. ఇచ్చవచ్చిన చోటుల దింపిన పనిచేయు మేర పెరిగి, కప్పుటకు మట్టి చాలదు. దింపిన చెత్తను బుల్‌డోజరుతో పలుచని పొరగా పరచి, బరువైన చక్రముల యంత్రముతో పలుమారు త్రొక్కింపవలెను. సందులు తగ్గును, ఎలుకకు చోటుండదు, నిప్పునకు గాలి యందదు. సాయంకాలమున కనీసము 10 సెంటీమీటర్ల మట్టి కప్పవలెను. వానకాలము రాకముందే 40 నుండి 65 సెంటీమీటర్ల మందమైన కప్పు వేసి, నీరు ప్రక్కకు జారునట్లు గట్లు కాలువలు తీర్పవలెను. ఈ పనులలో ఏ యొక్కటియు గొప్ప విద్య కాదు. కాని ఒక్క సాయంకాలము మట్టి లారీ రాలేదని విడిచిన, మరునాటికి ఈగలు చేరును. ఒక్క వేసవి కాలువలు తీయకున్న, తొలివానకే ఊట తొట్టి పొర్లును.

ప్రక్కవాలును గూర్చియు ఒక మాట చెప్పవలెను. చెత్తను నిట్టనిలువుగా పేర్చినచో అది తడిసి బరువెక్కి కొండచరియవలె జారును. 2000 జూలై 10వ తేదీన ఫిలిప్పీను దేశపు మనీలా సమీపమున పయాతస్ దిబ్బ వానలకు కూలి రెండు వందలకు పైగా జనులు మరణించిరి. 2017 సెప్టెంబరు 1వ తేదీన ఢిల్లీలోని గాజీపూరు దిబ్బ విరిగిపడగా ఇరువురు చనిపోయిరి. ఒక అడుగు ఎత్తునకు మూడడుగుల పొడవు వాలు ఉంచుట ఇంజనీర్లు పాటించు సామాన్య మర్యాద. చోటు చాలదని ఆ మర్యాదను మీరినప్పుడే ఇట్టి ఘోరములు జరుగును.

స్థలము నిండినంత మాత్రమున పని ముగియదు. పైన 60 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై నీరు పారుటకు 15 సెంటీమీటర్ల పొర, ఆపైన మొక్కలకై 45 సెంటీమీటర్ల మన్ను వేయవలెను. వేళ్లు లోతుగా దిగు చెట్లు నాటరాదు. అవి బంకమట్టిని చీల్చును. మూసిన పిమ్మట పదునైదు సంవత్సరములు ఊటను, వాయువును, చుట్టుపట్ల భూగర్భజలమును పరీక్షించుచునే యుండవలెను. అనగా, ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థి నేడు పారవేసిన చెత్తకు అతడు ఉద్యోగస్థుడైన తరువాతను కావలివారు కావలెను.

ఇంత వ్యయప్రయాసలతో కట్టిన స్థలమున అరటితొక్కలు పూడ్చుట వివేకమా? 2016 నియమములు దీనిని స్పష్టముగా నిషేధించినవి. కుళ్లనిది, కాలనిది, మరల ఉపయోగింపరానిది మాత్రమే పూడికకు పోవలెను. తడిచెత్త ఎరువు కావలెను, పొడిచెత్త కర్మాగారములకు పోవలెను. కాని కలిసిన చెత్తను దిబ్బ యొద్ద వేరుచేయుట దుర్లభము. కూర పులుసులో నానిన కాగితమును ఎవరు కొందురు? గాజుముక్కలు గ్రుచ్చుకొన్న ఎరువును ఏ రైతు చేనిలో చల్లును? వేరుచేయుట ఇంటిలోనే జరుగవలెను.

ఇది సాధ్యమా యని సందేహించువారికి వరంగల్లే ఒకప్పుడు జవాబు చెప్పినది. 2012 అక్టోబరులో ఇక్కడ స్వచ్ఛ నగరముల పోటీ యొకటి జరిగినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లోని ఇతర పురపాలక సంఘముల ఉద్యోగులును కార్మికులును జట్లుగా వచ్చి, నగరమును పంచుకొని, ఉదయముననే ఇంటింటికి తిరిగిరి. తడిచెత్త ఒక బుట్టలో, పొడిచెత్త వేరొక బుట్టలో వేయుమని గృహిణులకు నచ్చజెప్పి, రెండింటిని విడివిడిగా తీసికొనిరి. కొలది దినములలోనే దిబ్బకు పోవు చెత్త గణనీయముగా తగ్గినది. ఈ వార్త దేశమంతయు ప్రాకగా పలు నగరములవారు చూచి నేర్చుకొనుటకు ఇచటికి వచ్చిరి. అయితే పోటీ నాటి పట్టు కలకాలము నిలువలేదు. చెత్త మరల కలిసినది. రాంపూరు దిబ్బ మరల పెరిగినది. తొమ్మిది పది దినములు ఉత్సాహముతో నడచిన పనిని తొమ్మిది పది సంవత్సరములు నడిపించుటకు వేరొక విధమైన ఓర్పు కావలెనని నా యభిప్రాయము.

ఇప్పుడు పాత దిబ్బలను త్రవ్వి తీయు విద్య యొకటి వ్యాప్తిలోనికి వచ్చినది. దానిని బయోమైనింగు అందురు. పాత చెత్తను తిరుగవేసి, వరుసలుగా పోసి, సూక్ష్మజీవులు గల ద్రవమును చల్లి కొన్ని వారములు ఆరనిత్తురు. అది ఎండి తేలికపడిన పిమ్మట, పీపావలె గుండ్రముగా తిరుగు పెద్ద జల్లెడలలో పోయుదురు. సన్నని మన్ను ఒకవైపు, రాళ్లు ఇటుకముక్కలు ఒకవైపు, గుడ్డపేలికలు ప్లాస్టిక్ ముక్కలు వేరొకవైపు పడును. మన్ను పల్లములు పూడ్చుటకును, పేలికలు సిమెంటు కర్మాగారముల కొలుములకును పోవును. ఇండోరు నగరమువారు 2018లో ఈ విధముగా నూరు ఎకరముల నేలను విడిపించుకొనిరి. 2021 అక్టోబరు 1వ తేదీన ప్రారంభమైన రెండవ విడత స్వచ్ఛభారత్ పథకము దేశములోని పాత దిబ్బలన్నిటిని ఇట్లే తొలగింపవలెనని సంకల్పించినది. స్మార్ట్ సిటీ పథకము క్రింద రాంపూరు దిబ్బను సైతము ఈ పద్ధతిన జల్లించు పనికి పూనుకొనిరి.

ఆ జల్లెడ యొద్ద పనిచేయువారికి దిబ్బ ఒక గ్రంథము వంటిది. పై పొరలలో నిన్నమొన్నటి పాలసంచులు. లోపలికి పోయిన కొలది అన్నమేదో ఆకేదో తెలియని నల్లని మన్ను. ఆ మన్నులో పాలసంచులు మాత్రము మీది అచ్చుతో సహా అట్లే యుండును. ఒకవైపు వారు పాతదానిని జల్లించుచుండగా, వేరొకవైపు నగరము నుండి క్రొత్త బండ్లు వచ్చి ధర్మకాటా మీద వరుసగా నిలుచును.