పాత స్పోర్ట్స్ కూపే కొనేముందు

జంషెడ్‌పూర్‌లో బండి గురించి మాట ఎత్తితే సలహా చెప్పేవారికి కొదవ ఉండదు. 1945లో టెల్కో వెలసిన ఊరు, 1954 నుంచి ట్రక్కులు తయారవుతున్న ఊరు ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలోనే వచ్చి ఇక్కడి కర్మాగారాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ చాలానే ఉన్నాయి. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగల పెద్దలు మన మధ్యే ఉన్నారు.

అయితే స్పోర్ట్స్ కూపే విషయంలో ఆ చెవి ఒక్కటే చాలదు. రెండు తలుపులు, వెనక్కి వాలిన పైకప్పు, నేలకు దగ్గరగా ఉండే ఈ కారులో సగం జబ్బులు కంప్యూటరులో దాగి ఉంటాయి. "కొత్త సెడాన్ ధరకే పాత ఆడి టీటీ వస్తోంది నాన్నా" అని ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు ఏం చూడాలో తెలుసుకుందాం.

ఎందుకంత చవక?

2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లపై ఆంక్షలు వచ్చాయి. ఆ వయసుకు దగ్గరపడిన ఖరీదైన కార్లు ఎన్‌ఓసీతో ఇతర రాష్ట్రాలకు తక్కువ ధరకు వస్తుంటాయి. కారు ధర పడిపోయినా విడిభాగాల ధర పడిపోదు. యాభై లక్షల కారు పది లక్షలకు దొరికినా, దాని గేర్‌బాక్సు మాత్రం యాభై లక్షల కారు గేర్‌బాక్సే.

ఇంజిన్

కారు చూడటానికి ఉదయాన్నే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. అప్పటికే వేడిగా ఉంటే, చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మీకు వినిపించకూడదనుకున్నారేమో అని అనుమానించాల్సిందే. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గొలుసు కదిలినట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్ సాగి ఉండవచ్చు. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో ఈ చైన్ వెనకవైపు, గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. దాన్ని మార్చడం పెద్ద పని. చైన్‌కు బదులు టైమింగ్ బెల్టు ఉన్న కారైతే ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

పొగ రంగు గమనించండి. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, తీపి వాసన వస్తే కూలెంట్ లోపలికి చేరుతోంది. నల్లపొగ అంటే ఇంధనం ఎక్కువగా పోతోంది, లేదా గాలి అందడం లేదు. ఆడి, వోక్స్‌వ్యాగన్ ఈఏ888 టర్బో పెట్రోల్ ఇంజిన్లలో కొన్ని తొలి రకాలు పిస్టన్ రింగుల లోపం వల్ల ఆయిల్ ఎక్కువగా తాగుతాయి. అలాంటి కారైతే వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ పోస్తున్నారో సూటిగా అడగండి.

పోర్షే మీద మనసు పడితే ఒక సంగతి. 1990ల చివరి నుంచి 2000ల మధ్య వరకు వచ్చిన బాక్స్‌టర్, 911 కార్లలో చాలావాటికి ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు బలహీనమైనది. అది విరిగితే మొత్తం ఇంజినే పోతుంది. మార్చినట్టు రుజువు లేకపోతే ఆ ఖర్చును బేరంలోకి తీసుకురండి.

గేర్‌బాక్సు

స్పోర్ట్స్ కార్లలో తరచుగా కనిపించేది రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. వోక్స్‌వ్యాగన్ కుటుంబంలో దీన్ని డీఎస్‌జీ అంటారు. తడి క్లచ్ ఉన్న ఆరు గేర్ల రకానికి 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి. పొడి క్లచ్ ఉన్న ఏడు గేర్ల రకంలో మెకట్రానిక్ యూనిట్ మొండికేయడం తెలిసిన సమస్య. 2013లో ఆ కంపెనీ చైనాలో డీఎస్‌జీ ఉన్న 3.8 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది.

సాక్చి, బిష్టుపూర్‌ల రద్దీలో అరగంట నడిపి చూడండి. మొదటి గేరులో కుదుపు, ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు జంకు, రివర్సులో ఆలస్యం ఉంటే కొనడం ఆపండి. మాన్యువల్ అయితే నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అరిగిపోయింది.

మన ఊరి ఎండ, వాన, స్పీడ్ బ్రేకర్లు

మే నెల ఎండలో ఏసీ వేసి పది నిమిషాలు నిలబెట్టి ఉంచండి. టెంపరేచర్ ముల్లు మధ్య నుంచి పైకి కదలకూడదు. రేడియేటర్ ఫ్యాను తిరగాలి. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు, ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి పదార్థం కనిపిస్తే అక్కడితో మానుకోండి.

ఖర్కాయి, సువర్ణరేఖ పొంగితే పల్లపు కాలనీల్లోకి నీళ్లు వస్తాయని మనకు తెలుసు. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద చార ఉంటే అక్కడే తెలుస్తుంది. కార్పెట్ కింద, సీటు పట్టాల మీద తుప్పు వెతకండి.

నేలకు దగ్గరగా ఉండే కారుకు స్పీడ్ బ్రేకరే శత్రువు. కారును లిఫ్టు మీద ఎక్కించి ఆయిల్ సంపుపై గీతలు, వెల్డింగు మచ్చలు, కారిన షాక్ అబ్సార్బర్లు చూడాలి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 3519 అంటే 2019లో 35వ వారం. గాట్లు బాగానే ఉన్నా పాతబడిన టైరు వేగంలో ప్రమాదం.

కూపే తలుపులు పొడవైనవి, బరువైనవి. కీళ్లు అరిగితే వేలాడతాయి. చట్రం లేని అద్దమైతే తలుపు తెరిచినప్పుడు కాస్త దిగి, మూసినప్పుడు పైకెక్కాలి. అలా జరగకపోతే వానకు నీళ్లు లోపలికి వస్తాయి.

కంప్యూటరు చెప్పే మాట

ఓబీడీ స్కానర్‌తో తప్పనిసరిగా పరీక్ష చేయించండి. ఎర్రర్ కోడ్లను అమ్మకానికి ముందే చెరిపేసి ఉంటే, కారు స్వీయపరీక్షలు ఇంకా పూర్తికాలేదని ఆ స్కానరే చూపిస్తుంది. ఆదిత్యపూర్‌లో లేత్ మీద ఎలాంటి ఇనుప భాగమైనా చేయించవచ్చు. కానీ మెకట్రానిక్ యూనిట్‌ను అమర్చి కోడింగ్ చేయాలంటే ఆ కంపెనీ పరికరాలు ఉన్నవారే కావాలి. వారు ఊళ్లో లేకపోతే కారును ట్రక్కు మీద సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని రాంచీకో, అంతకు రెట్టింపు దూరంలోని కోల్‌కతాకో పంపాలి. ఏ కారైనా ఖాయం చేసుకునే ముందు దాన్ని ఎవరు, ఎక్కడ బాగుచేస్తారో ఫోన్ చేసి కనుక్కోండి.

కాగితాలు, లెక్కలు

వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ, పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. పాత అప్పు ఉంటే హైపోథికేషన్ రద్దుకు ఫారం 35 కూడా కావాలి. బీమా బదిలీకి 14 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అందులో ఎన్ని మిగిలాయో చూసుకోండి.

బ్యాంకు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు, రుణం కారుకు వస్తుంది గాని మరమ్మతుకు రాదు. కారు షెడ్డులో ఉన్న నెలలోనూ ఈఎంఐ కట్టాల్సిందే. కాబట్టి చేతిలో 12 లక్షలు ఉంటే 12 లక్షల కారు చూడకండి. పది లక్షల లోపు కారు చూసి, మిగతాది మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా డిపాజిట్ చేయండి. పరీక్షకు అయ్యే కొన్ని వేలకు వెనుకాడవద్దు. లిఫ్టు మీద ఎక్కించడానికి, స్కానర్ పెట్టడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, పిల్లలు ఎంత ముచ్చటపడినా సరే, మరో కారు చూద్దామని చెప్పండి.