ఆ కొడుక్కి ఏం చెప్పాలి

మాధవీ,

మీసోథీలియోమా క్యాన్సర్ కేసు మొదటిసారి చూశానని, పేషెంటు కొడుకు ‘ఎన్నాళ్లుంటారు డాక్టర్‌గారూ’ అంటే నోరు పెగల్లేదని రాశావు. ఏదో ఒక అంకె చెప్పెయ్యలేదు, నయం. ముందు రెండు సంగతులు తేల్చుకో. జబ్బు ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలోనా, కడుపు పొరలోనా? బయాప్సీలో కణాలు ఎపిథీలియాయిడ్ రకమా, సార్కోమటాయిడ్ రకమా? రెండోది మొండిది, కీమోకి సరిగా లొంగదు.

అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కి 1982లో, 40 ఏళ్ల వయసులో, కడుపు పొరలో ఇదే జబ్బు బయటపడింది. పుస్తకాల్లో చూస్తే మధ్యగతం 8 నెలలు. ఆయన లెక్కల మనిషి. సగంమంది 8 నెలల్లోపు పోతారంటే మిగతా సగం ఆ పైన ఉంటారనేగా! ఎంత తొందరగా పోయినా సున్నా కంటే కిందికి పోలేరు. పైకి మాత్రం హద్దు లేదు, కొందరు ఏళ్ల తరబడి బతుకుతారు. తనది చిన్న వయసు, జబ్బు ముదరకముందే దొరికింది, మంచి వైద్యం అందుతోంది. కాబట్టి తానూ ఆ కొందరిలో ఉండొచ్చని తేల్చుకున్నాడు. 20 ఏళ్లు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో పోయాడు. అలాగని వచ్చినవాళ్లందరికీ గూల్డ్ కథ చెప్పి ఆశపెట్టకు. మీ పేషెంటు వయసెంత, నడవగలుగుతున్నాడా, అది చూడు.

ఊపిరితిత్తి పొర జబ్బులో సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుకి పెమెట్రెక్సెడ్ జతచేస్తే మధ్యగతం 9 నెలల నుంచి 12కి పెరిగిందని 2003లో ఒక ట్రయల్‌లో తేలింది. పెమెట్రెక్సెడ్ కణానికి ఫోలిక్ యాసిడ్ అక్కరకు రాకుండా చేస్తుంది. ఆ ట్రయల్ మొదట్లో దుష్ఫలితాలు మరీ తీవ్రంగా ఉండడంతో ఫోలిక్ యాసిడ్ బిళ్ల, బి12 ఇంజెక్షన్ కలిపారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేయించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. దానికి విరుగుడుగా అక్కడే పుట్టిన అమినోప్టెరిన్‌ని అమెరికా వైద్యుడు ఫార్బర్ పిల్లల లుకేమియాకి వాడాడు. పెమెట్రెక్సెడ్‌దీ ఆ వంశమే. ‘విటమినే కదా’ అని పేషెంట్లు ఆ చిన్న బిళ్ల మానేస్తారు. కీమోకి వారం ముందునుంచే వేసుకోవాలని గట్టిగా చెప్పు.

కీమోకి బదులు ఇమ్యునోథెరపీ మందులు నివోలుమాబ్, ఇపిలిముమాబ్ రెండూ కలిపి ఇస్తే మధ్యగతం 14 నుంచి 18 నెలలకి చేరింది. సార్కోమటాయిడ్ లాంటి మొండి రకాల్లోనైతే 9 నుంచి 18కి. ఖర్చు మాత్రం పొలం అమ్మించేది. సంతకం పెట్టించుకునే ముందు అది దాచకు. ఆపరేషన్‌కి తొందరపడకు. బ్రిటన్‌లో జరిగిన మార్స్-2 ట్రయల్‌లో కోత, కీమో రెండూ అయినవాళ్ల మధ్యగతం 19 నెలలు, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లది 25. కడుపు పొర జబ్బు వేరు: గడ్డలు తీసేసి వేడి కీమో పోస్తే, ఎంపిక సరిగా ఉంటే, కొందరు ఏళ్లు గడుపుతున్నారు.

వీటన్నిటికంటే ముందు మీ పేషెంటు ఛాతీలో నీరు చేరి ఉంటే తీయించు. మళ్లీ చేరకుండా టాల్క్ వేయించడమో, గొట్టం పెట్టించడమో చూడు. ఆయాసం తగ్గి ఆయన వెల్లకిలా పడుకోగలిగాక ఆ కొడుకుతో కూర్చో. తండ్రి 30, 40 ఏళ్ల కిందట సిమెంటు రేకుల ఫ్యాక్టరీలోనో, ఓడల మరమ్మతులోనో, ఈ జబ్బు తెచ్చే ఆస్‌బెస్టాస్ ధూళిలో పనిచేశాడేమో అడిగి, ఊరు, ఏడాదులతో సహా కేసు షీటులో రాయి. రేపు నష్టపరిహారం అడగాలంటే వాళ్లకి ఆ కాగితమే కావాలి.

మీ పెదనాన్న